మాట చివరి ఏత్వం

మా అత్తయ్య సుడోకు పైకే చేస్తుంది. ముప్ఫయ్యేళ్లు లెక్కలు చెప్పిన గొంతు, మనసులో అనుకుని ఊరుకోవడం దానికి అలవాటు లేదు. పొద్దున్నే పేపరు నాలుగు మడతలు పెట్టి, పెన్సిలు చెక్కుకుని కూర్చుంటుంది. "ఇందులో ఐదే" అంటుంది. కాసేపాగి మరోచోట "ఐదు ఇందులోనే" అంటుంది. రెండుసార్లూ పెన్సిలు రాసేది ఐదే. ఒకే సంగతిని అటూ ఇటూ తిప్పి అంటోందని చాలా రోజులు అనుకున్నాను. పక్కన కూర్చుని గళ్లు చూస్తూ వినడం మొదలుపెట్టాక తెలిసింది, ఆ రెండూ రెండు వేర్వేరు ఎత్తులని.

ఒక అడ్డం వరుసలో ఆరు గళ్లు నిండాయనుకోండి. మొదటిది, నాలుగోది, తొమ్మిదోది ఖాళీ. రావలసిన అంకెలు రెండు, ఐదు, ఎనిమిది. నాలుగో గడి ఉన్న నిలువులో రెండూ ఎనిమిదీ అప్పటికే ఉన్నాయి. ఇక ఆ గడికి మిగిలింది ఐదు ఒక్కటే. అప్పుడు అత్తయ్య "ఇందులో ఐదే" అంటుంది. ఇంకో వరుసలోనూ అవే ఖాళీలు, అవే అంకెలు ఉన్నాయనుకుందాం. ఈసారి నాలుగో గడికి అడ్డొచ్చేవేమీ లేవు, మూడు అంకెల్లో ఏదైనా పట్టేలాగే ఉంది. కాని మొదటి గడి నిలువులో ఐదు ఉంది, తొమ్మిదో గడి నిలువులోనూ ఐదు ఉంది. ఐదు వెళ్లి కూర్చోవడానికి నాలుగో గడి తప్ప చోటు లేదు. "ఐదు ఇందులోనే." మొదటి వరుసలో ఆవిడ గడిని నిలబెట్టి అడిగింది, నీకెవరు మిగిలారని. రెండో వరుసలో అంకెను అడిగింది, నీకు చోటెక్కడ మిగిలిందని. ఈ ఆటలో ఆరితేరినవాళ్లు మొదటిదాన్ని నేకెడ్ సింగిల్ అని, రెండోదాన్ని హిడెన్ సింగిల్ అని పిలుస్తారు. రెండోది కంటికి ఆనదు. ఆ గడిలోకి చూస్తే ఇంకా మూడు అంకెలు కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి అది హిడెన్. తెలుగుకు రెండు పేర్లు అక్కర్లేకపోయింది. ఒక ఏత్వాన్ని ఇటునుంచి అటు జరిపితే సరిపోయింది.

ఈ ఏ గురించే నా చర్చంతా. వ్యాకరణం దీన్ని అవధారణార్థకం అంటుంది. నిఘంటువులో దీనికో చోటు ఉన్నా మాటగా ఎవరూ లెక్కపెట్టరు. ఒంటరిగా నిలబడలేదు, ఎప్పుడూ ఇంకో మాట తోకను పట్టుకునే ఉంటుంది. ఐదు చివరి ఉకారాన్ని తోసేసి ఆ చోట్లో తను కూర్చుని ఐదే అవుతుంది. గడిలో అన్నదాని తర్వాత ఒక నకారాన్ని తోడు తెచ్చుకుని గడిలోనే అవుతుంది. ఎవరిని అంటుకుంటే వాళ్లను తప్ప మిగతా అందరినీ గదిలోంచి బయటికి పంపేస్తుంది. "అత్తయ్యే పులుసు వండింది" అంటే వంట మనిషి రాలేదని, అమ్మ చెయ్యి పడలేదని. "అత్తయ్య పులుసే వండింది" అంటే కూర లేదని. మాటల వరుస మారలేదు, బయటికి పోయినవాళ్లు మారారు.

సంస్కృతంలోని ఏవను చూసి మన ఏ అక్కణ్ణుంచి వచ్చిందనుకుంటారు కొందరు. పోలిక ఉంది గాని చుట్టరికం లేదు. తమిళం, కన్నడం, మలయాళం కూడా మాట చివర ఇదే ఏకారంతో ఇదే పని చేయిస్తాయి. ఇది మన ఇంటి సొత్తు. అయితే ఆ ఏవ మీద మన తార్కికులు చేసిన పని మాత్రం మా అత్తయ్య పెన్సిలుకు అచ్చంగా అమిరింది. 7వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఏవకారం మూడు రకాలుగా పనిచేస్తుందని విడదీశాడు. తర్వాతి సంప్రదాయం దానికి తగిన ఉదాహరణలు స్థిరపరచుకుంది. శంఖం తెల్లనిదే అంటే తెలుపు దానికి లేకుండా పోదని. దీన్ని అయోగవ్యవచ్ఛేదం అన్నారు. పార్థుడే విలుకాడు అంటే అంతటి విలువిద్య మరొకరికి లేదని. ఇది అన్యయోగవ్యవచ్ఛేదం. తామర నీలంగా ఉండనే ఉంటుంది అంటే అన్ని తామరలూ నీలమని కాదు, నీలమనేది తామరకు బొత్తిగా పొసగనిది కాదని. దీని పేరు అత్యంతాయోగవ్యవచ్ఛేదం. పేర్లు నోరు తిరగనివే. కాని ఏ విశేషణాన్ని పట్టుకుంటే ఒక అర్థం, విశేష్యాన్ని పట్టుకుంటే ఒకటి, క్రియను పట్టుకుంటే ఇంకొకటి అన్న ఆ ఒక్క పరిశీలనలో సుడోకు నియమాలన్నీ ఇమిడిపోతాయి. ఇందులో ఐదే, ఐదు ఇందులోనే, ఈ వరుసలో ఐదు ఉండనే ఉంటుంది. మూడో వాక్యం ఎవరూ పైకి అనరు. అది లేకపోతే మొదటి రెండూ నిలవవు. ప్రతి అడ్డంలో, ప్రతి నిలువులో, ప్రతి పెట్టెలో ప్రతి అంకె ఉండి తీరాలన్న హామీ అది.

ఆట పేరులో కూడా ఒక ఏత్వం ఉండి, రాలిపోయింది. అమెరికాలో డెల్ సంస్థ పజిళ్ల పత్రికలో 1979లో ఇది నంబర్ ప్లేస్ అన్న పేరుతో వచ్చింది. కట్టినవారి పేరు దాని పక్కన అచ్చు కాలేదు. ఇండియానాకు చెందిన ఆర్కిటెక్టు హోవర్డ్ గార్న్స్ దీని కర్త అని పజిళ్ల సంపాదకుడు విల్ షార్ట్జ్ తర్వాత తేల్చాడు. నంబర్ ప్లేస్ ఉన్న సంచికల్లో రచయితల జాబితాలో గార్న్స్ పేరు ఉండనే ఉంది, అది లేని సంచికల్లో ఆయన పేరూ లేదు. అన్వయం, వ్యతిరేకం రెండూ కుదిరాయి. మన తార్కికులు విని ఉంటే తల ఊపేవారు. 1984లో జపాన్‌లో నికోలి సంస్థ దీన్ని తీసుకుని పొడుగాటి పేరు పెట్టింది: సూజి వా దోకుషిన్ ని కగిరు. అంకెలు బ్రహ్మచారులకే పరిమితం అని అర్థం చెప్పుకోవచ్చు. తర్వాత సూజిలోంచి సూ, దోకుషిన్‌లోంచి దోకు తీసుకుని సుడోకు అన్నారు. 'ని కగిరు', అంటే 'కే పరిమితం' అన్న తోక ఊడిపోయింది. సరిగ్గా మన ఏ ఉన్న చోటు అదే. పేరులో అంకె మిగిలింది, ఒంటరితనం మిగిలింది, బంధించే మాట పోయింది. దోకుషిన్ అన్న మాటలో దోకు ఒంటరి, షిన్ ఒళ్లు. తెలుగులో ఒంటి అన్న ఒక్క మాటే రెండర్థాలూ మోస్తుంది. ఒంటిపూట బడిలో ఒకటి, ఒంటి నొప్పుల్లో మరొకటి. ఇది కాకతాళీయమే, అయినా తలచుకున్నప్పుడల్లా నాకు సంతోషం కలుగుతుంది.

ఏకు ఎదురుగా నిలబడేది ఓ. అత్తయ్య గడి మూలలో చిన్న అంకెలు రెండు వేసి "రెండో ఎనిమిదో" అంటుంది. అది సందేహపు ఓకారం. నాలుగో గడి అన్నప్పటి ఓ వేరు, అది నాలుగవ అన్నదాని చివర అరిగి అయింది. కొత్తగా వినేవాళ్లు ఈ రెంటినీ కలిపేసుకుంటారు. "రెండో గడిలో రెండో మూడో" అని ఆవిడ అన్నప్పుడు మొదటి రెండో వరస చెబుతోంది, రెండో రెండో అనుమానం చెబుతోంది. ఇంకొకటి ఊ, అందరినీ కలుపుకుపోయేది: రెండూ, ఎనిమిదీ. అచ్చుల్లో ఇంకా ఆ ఉంది, అడిగేది: ఐదా? మాట చివర నిలిచే ఈ నాలుగు దీర్ఘాలతో తెలుగువాడు ఎంత కఠినమైన సుడోకు గురించైనా ఆలోచించగలడని నా నమ్మకం. ప్రశ్నకు మొదట వచ్చే ఏ వేరే మాటే గాని ("ఏ గడిలో?"), జవాబు చివర వచ్చే ఏతో ("ఈ గడిలోనే") అది కలిసి వినిపించడం కూడా ఈ ఆటకు నప్పింది.

ఇప్పుడు కొంచెం కష్టమైన చోటికి వద్దాం. ఒక వరుసలో రెండు గళ్లలోనూ "రెండో ఎనిమిదో" అని పడింది. ఏది ఎక్కడో తెలియదు. అయినా అత్తయ్య ఆ వరుసలోని మిగతా గళ్లన్నిట్లోంచీ రెండునూ ఎనిమిదినీ రబ్బరుతో చెరిపేస్తుంది. ఎందుకు? రెండు గళ్లున్నాయి, వాటికి ఇద్దరే అర్హులున్నారు. ఇద్దరూ అక్కడే సర్దుకోవాలి, బయట తిరగడానికి వీల్లేదు. "ఈ రెంటిలో అవి రెండే" అన్న వాక్యం "అవి రెండూ ఈ రెంటిలోనే" అయింది. ఏ అంకె మీంచి లేచి గడి మీద కూర్చుంది.

మామూలు మాటల్లో ఇలా జరపడం తప్పు. "సంక్రాంతికే గంగిరెద్దు వస్తుంది" అన్నది నిజమనుకోండి. దాన్నిబట్టి "సంక్రాంతికి గంగిరెద్దే వస్తుంది" అనలేం. హరిదాసు వస్తాడు, కొత్త అల్లుడు వస్తాడు. ఏత్వాన్ని ఒక మాట మీంచి మరో మాట మీదికి జరిపేసి వాదన గెలిచామనుకునేవాళ్లను రోజూ వింటుంటాం. సుడోకులో అది చెల్లుబాటు కావడానికి కారణం లెక్క. ఇటు ఎన్నో అటూ అన్నే ఉన్నప్పుడు మాత్రమే, ఉండనే ఉంటుంది అన్న ఆ మూడో హామీ తోడున్నప్పుడు మాత్రమే ఏకు కదిలే స్వేచ్ఛ వస్తుంది.

ఇది పట్టుబడిన రోజు నాకు పెద్ద పేర్లున్న ఎత్తులన్నీ ఒక్కసారిగా దగ్గరైపోయాయి. ఒక పెట్టెలో ఏడు పట్టే గళ్లన్నీ పై వరుసలోనే ఉన్నాయి. అంటే ఈ పెట్టెలో ఏడు ఆ వరుసలోనే. ఏని జరపండి: ఆ వరుసలో ఏడు ఈ పెట్టెలోనే. వరుసలో పెట్టె బయట ఉన్న ఏడులన్నీ చెరిపేయవచ్చు. ఇప్పుడు ఎక్స్-వింగ్. రెండో అడ్డంలో నాలుగు పట్టే చోట్లు మూడో నిలువు, ఎనిమిదో నిలువు మాత్రమే. ఆరో అడ్డంలోనూ అంతే. అంటే ఈ రెండు అడ్డాల్లో నాలుగు ఆ రెండు నిలువుల్లోనే. జరపండి: ఆ రెండు నిలువుల్లో నాలుగు ఈ రెండు అడ్డాల్లోనే. ఆ నిలువుల్లో పైనా కిందా ఉన్న నాలుగులన్నీ పోతాయి. ఎందుకంటే రెండు అడ్డాలకూ ఒక్కో నాలుగు కావాలి, నిలువుకొకటే చెల్లుతుంది, రెండు నిలువుల వాటా అక్కడే తీరిపోయింది. రెంటికి బదులు మూడు అడ్డాలు, మూడు నిలువులు అయితే స్వోర్డ్‌ఫిష్, నాలుగైతే జెల్లీఫిష్. చేపలు పెద్దవవుతున్నాయి గాని వాక్యం అదే. జంటలు, మూకలు, చేపలు అన్నీ ఒకే కుటుంబం. గడి, అంకె, అడ్డం, నిలువు అన్నవి పాత్రలు మార్చుకుంటాయంతే. ఇవన్నీ ఒక్కొక్కటిగా కంఠతా పట్టి విసిగిపోయినవాళ్లను చూశాను. వాళ్లకు ఈ వాక్యం ఎవరైనా ముందే చెప్పి ఉంటే బావుండేదనిపిస్తుంది.

అన్ని ఎత్తులూ ఈ వాక్యంలోకి ఒదగవు. ఎక్స్‌వై-వింగ్ అని ఒకటుంది. మధ్య గడిలో "మూడో ఐదో". దానితో ఒకే అడ్డంలో ఉన్న ఇంకో గడిలో "మూడో తొమ్మిదో". దానితోనే ఒకే నిలువులో ఉన్న మరో గడిలో "ఐదో తొమ్మిదో". మధ్యది మూడైతే అడ్డంలో ఉన్నది తొమ్మిది అవుతుంది. ఐదైతే నిలువులో ఉన్నది తొమ్మిది అవుతుంది. రెంటిలో ఏదో ఒకటి తొమ్మిది కాక తప్పదు. ఆ రెంటినీ చూడగలిగే గడి ఏదైనా ఉంటే అందులో తొమ్మిది ఉండదు. ఇక్కడ ఒక్క సందేహమూ తీరలేదు. మూడు ఓలూ అలాగే ఉన్నాయి. వాటి మధ్యలోంచే ఒక నిశ్చయం పుట్టింది. ఏదో అన్న మాటను ఒకసారి చూడండి. మొదట ప్రశ్న, చివర సందేహం. దాని పక్కన ఒకటి చేరి "ఏదో ఒకటి" అయ్యేసరికి అది సందేహం కాకుండా పోతుంది. ఏదన్నది తెలియదు, ఉందన్నది తెలుసు. తామర నీలంగా ఉండనే ఉంటుంది అన్న మూడో ఏవకారం ఇలాంటి చోట పనికొస్తుంది. నాకు సుడోకులో అన్నిటికన్నా అందమైన ఎత్తు ఇదే.

ఇంకా మొండి పజిళ్లున్నాయి. ఫిన్లాండ్ గణితవేత్త ఆర్తో ఇంకాల 2006లో ఒకటి కట్టి, నత్త ఆకారంలా కనిపిస్తోందని దానికి ఎస్కార్గో అని పేరు పెట్టాడు. ఇచ్చిన అంకెలు 23. అంతకన్నా తక్కువ అంకెలతో ఇట్టే విడిపోయే పజిళ్లు బోలెడున్నాయి, ఎన్ని ఇచ్చారన్నది కష్టాన్ని చెప్పదు. అలాంటివాటిలో జంటలు, చేపలు కొద్ది దూరమే మోస్తాయి. తర్వాత "ఇక్కడ ఐదైతే?" అని మొదలుపెట్టాలి. ఐదు పెట్టామనుకుని దాని వెంట పోవాలి. పోయి పోయి ఒకే వరుసలో రెండు ఏడులు పడితే వెనక్కి వచ్చి ఐదును కొట్టేయాలి. ఇది తర్కమా, గుడ్డిగా పెట్టి చూడటమా అని ఆటగాళ్లలో పాత తగువు ఒకటుంది.

ఒకసారి నేనూ అడిగాను. "ఇది ఊహించడమే కదా అత్తయ్యా?"

"ఊహించడానికీ అనుకోవడానికీ తేడా లేదట్రా? ఐదు కాదని తేల్చడానికే ఐదనుకున్నాను."

ఆవిడకు తెలిసో తెలియకో అన్నంభట్టు మాట చెప్పింది. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన ఆయనది కృష్ణాతీరంలోని గరికపాడని పండితులు చెప్పుకుంటారు. దేశమంతటా తర్కం నేర్చుకోవడం మొదలుపెట్టే పిల్లలు పట్టుకునేది ఆ చిన్న పుస్తకాన్నే. అందులో తర్కానికి ఇచ్చిన ఉదాహరణ నిప్పు, పొగ. నిప్పు లేకపోతే పొగ కూడా ఉండకూడదు, పొగ కనిపిస్తూనే ఉంది. విచిత్రమేమిటంటే అన్నంభట్టు తర్కాన్ని నిజమైన జ్ఞానాల్లో చేర్చలేదు. సంశయం, భ్రమ వీటి సరసన అయథార్థ జ్ఞానాల్లో పెట్టాడు. మొదట చదివినప్పుడు ఆశ్చర్యపోయాను, తర్కశాస్త్రం తర్కాన్నే ఇలా దూరం పెట్టిందేమని. ఆలోచిస్తే ఎంత నిజాయితీ అనిపిస్తుంది. "నిప్పు లేదనుకుందాం" అన్నప్పుడు లేదని మనకు నిజంగా తోచలేదు. అబద్ధమని తెలిసే దాన్ని ఆరోపించాం. ఆ ఆరోపం జ్ఞానం కాదు, జ్ఞానానికి దారి చూపేది. అత్తయ్య "ఐదైతే" అన్నప్పుడు గడిలో పెన్సిలు పెట్టదు, పేపరు అంచున రాసుకుంటుంది. ఆరోపం ఉండవలసిన చోటు అంచే.

నా మట్టుకు తగువు ఇక్కడే తీరుతుంది. అనుకున్నది వైరుధ్యానికి దారితీస్తే మనకో ఏ దక్కుతుంది: ఇందులో ఐదు లేనే లేదు. అనుకున్నది చివరిదాకా సాగి గళ్లన్నీ నిండిపోతే? ఒక జవాబు దొరికిందంతే. అదొక్కటే జవాబని చూపించలేదు. ఓడిన ఊహ తర్కమవుతుంది, గెలిచిన ఊహ అదృష్టమే.

జవాబు ఒక్కటే అన్న ఏ ఎవరిదన్నదీ ఆలోచించవలసిందే. పజిల్ కట్టినవారు ఇచ్చే మాట అది. కొందరు ఆ మాటనే పనిముట్టు చేసుకుంటారు. నాలుగు గళ్లు రెండే పెట్టెల్లో చదరంగా నిలిచి, నాలుగింటిలోనూ అవే రెండు అంకెలు మిగిలితే వాటిని అటూ ఇటూ మార్చి రెండు జవాబులు రాయవచ్చు. జవాబు ఒక్కటేనన్నారు కదా, కాబట్టి అలా మిగలదు అని ఒక అంకెను కొట్టేస్తారు. నాకది ఇష్టం ఉండదు. గళ్లు చెప్పింది వినకుండా కట్టినాయన పరువు మీద ఆధారపడ్డట్టు ఉంటుంది. అయితే ఆ పరువుకు ఒక హద్దుందని 2012లో తేలింది. డబ్లిన్‌లో గ్యారీ మక్‌గ్వైర్, ఆయన సహచరులు కంప్యూటరుతో నెలల తరబడి వెతికించి చూపించారు, 16 అంకెలిచ్చిన ఏ సుడోకుకూ జవాబు ఒక్కటే కాబోదని. కనీసం 17 ఉండాలి. అన్ని గళ్లూ సక్రమంగా నిండే తీరులు 6,670,903,752,021,072,936,960. వాటిలో కొన్నిటిని ఒక్కటేగా వేరు చేయడానికి 17 అంకెలు చాలు, ఏ ఒక్కదానికీ 16 చాలవు.

మొన్న ఆదివారం అత్తయ్య పక్కనే కూర్చున్నాను. కఠినమని నక్షత్రాలు వేసిన పజిలు. ముందు ఓలు, తర్వాత "ఐతే"లు అంచు నిండా, తర్వాత మెల్లగా ఏలు మొదలయ్యాయి. ఇందులోనే, ఇందులోనే, మూడే, ఇక్కడే. చివరి పది గళ్లూ జల్లులా రాలాయి. ఆఖరి గడి దగ్గర ఆగి, "తొమ్మిది" అంది. ఏ లేదు. బయటికి పంపడానికి ఇంకెవరూ మిగల్లేదు మరి. ఏవ అన్నది పైకి ఉచ్చరించకపోయినా నియమం అర్థమవుతూనే ఉంటుందని ధర్మకీర్తి అన్నది గుర్తొచ్చింది. ఆవిడ అప్పటికే పేపరు మడిచి, పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి నడుస్తోంది.